అట్లాంటిక్ సిటీ క్యాసినోలు: చూడబోయేవారి సందేహాలు, సమాధానాలు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దల ప్రయాణాల గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. వాటిలో న్యూజెర్సీ క్యాసినోల గురించి అడిగినవాటిని ఒకచోట చేర్చి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము. ఒకే సంగతిని ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటారు. మేము వెళ్లినప్పుడు అట్లాంటిక్ సిటీ చూపిస్తామంటున్నారు. నెవాడా రాష్ట్రంలో దాదాపు ఏ ఊరికి వెళ్లినా క్యాసినోలేనట కదా. న్యూజెర్సీలో మాత్రం ఈ ఒక్క ఊళ్లోనే ఎందుకున్నాయి?
— ఎస్.వి.ఆర్., నరసరావుపేట

జవాబు: ఆ రాష్ట్ర రాజ్యాంగమే అలా హద్దు గీసింది. అట్లాంటిక్ సిటీ మొదట జూదానికి పేరుపడిన ఊరు కాదు, సముద్రస్నానాలకు పేరుపడిన ఊరు. 1854లో రైలు మార్గం పడ్డాక ఫిలడెల్ఫియా జనం వేసవి ఎండ తప్పించుకోవడానికి అక్కడికి వెళ్లడం మొదలుపెట్టారు. వారి కాళ్లకంటిన ఇసుక హోటళ్లలోకీ రైలు పెట్టెల్లోకీ చేరుతున్నదని 1870లో తీరం పొడవునా చెక్కబాట వేశారు. అదే ఇప్పటికీ ఆ ఊరి రాజవీధి అయిన బోర్డ్‌వాక్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లు, విమానాలు సామాన్యులకు అందుబాటులోకి రావడంతో జనం ఫ్లోరిడా వంటి దూరపు తీరాలకు మళ్లారు, పెద్ద హోటళ్లు పాడుపడ్డాయి. 1964లో డెమొక్రాటిక్ పార్టీ జాతీయ మహాసభ అక్కడ జరిగినప్పుడు, వచ్చిన పత్రికలవారంతా ఆ ఊరి దుస్థితిని దేశమంతటా చాటారు.

ఊరిని నిలబెట్టడానికి క్యాసినోలను అనుమతించాలన్న ప్రతిపాదనను 1974లో ప్రజల ఓటుకు పెడితే ఓడిపోయింది. తమ ఊళ్లోకి కూడా జూదం వస్తుందేమోనని మిగతా ప్రాంతాలవారు భయపడ్డారు. 1976లో దానినే మార్చి, క్యాసినోలు అట్లాంటిక్ సిటీలో మాత్రమే ఉంటాయనీ, ప్రభుత్వానికి వచ్చే రాబడి వృద్ధులకూ వికలాంగులకూ ఖర్చు చేస్తామనీ చెప్పి మళ్లీ అడిగితే నెగ్గింది. 1977 జూన్‌లో గవర్నరు బ్రెండన్ బర్న్ ఆ ఊళ్లోనే చట్టం మీద సంతకం చేస్తూ, నేరస్థుల ముఠాలు ఈ ఊరి జోలికి రావద్దని గట్టిగా హెచ్చరించాడు. 1978 మే 26న రిసార్ట్స్ అనే క్యాసినో తెరుచుకుంది. నెవాడా వెలుపల దేశంలో చట్టబద్ధంగా తెరిచిన మొదటి క్యాసినో అదే. అది ఇప్పటికీ నడుస్తున్నది, మీరు చూడవచ్చు. ఉత్తర న్యూజెర్సీలో కూడా క్యాసినోలు పెట్టుకోనిమ్మని 2016లో మళ్లీ ఓటు పెడితే జనం భారీ ఆధిక్యంతో తిరస్కరించారు.

ఇంతకూ ఆ ఊరు బాగుపడిందా అంటే, సగమే బాగుపడిందనాలి. క్యాసినోల ఆదాయం 2006లో సుమారు 520 కోట్ల డాలర్లకు చేరింది. అదే ఏడాది చివర పక్కనున్న పెన్సిల్వేనియాలో స్లాట్ మిషన్ల (మీట నొక్కి ఆడే జూదపు యంత్రాల) శాలలు తెరుచుకోవడం, ఆ వెంటనే ఆర్థికమాంద్యం రావడంతో ఎనిమిదేళ్లలో అది దాదాపు సగానికి పడిపోయింది. 2014 మొదట్లో పన్నెండు క్యాసినోలుండగా ఆ ఒక్క ఏడాదిలోనే నాలుగు మూతపడ్డాయి. వాటిలో రెవెల్ అనేది 240 కోట్ల డాలర్లతో కట్టి 2012లో తెరిచిన అద్దాల మేడ. అది రెండున్నరేళ్లైనా నడవక మూతపడి, ఆ తర్వాత 8 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 2016లో ట్రంప్ తాజ్‌మహల్ అనే క్యాసినో కూడా మూతపడింది. 2018 వేసవిలో ఈ రెండు భవనాలూ ఓషన్, హార్డ్‌రాక్ అన్న కొత్త పేర్లతో తిరిగి తెరుచుకున్నాయి. బోర్డ్‌వాక్ నుంచి రెండు వీధులు లోపలికి నడిస్తే ఖాళీ స్థలాలు, పాత ఇళ్లు, పేదరికం కంటబడతాయి. క్యాసినో కార్లషెడ్డులో దిగి అక్కడి నుంచే తిరిగి వెళ్లేవారికి ఆ ఊరు కనిపించదు.

ప్రశ్న: ప్రస్తుతం మొత్తం ఎన్ని క్యాసినోలున్నాయి? ఒక్క రోజులో ఏవి చూడవచ్చు? కారు లేకుండా వెళ్లే వీలుందా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తొమ్మిది ఉన్నాయి. వాటిలో ఆరు బోర్డ్‌వాక్ వెంబడి, సముద్రానికి ఎదురుగా వరసగా ఉంటాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి నడిస్తే ఓషన్, హార్డ్‌రాక్, రిసార్ట్స్, బాలీస్, సీజర్స్, ట్రాపికానా తగులుతాయి. మిగిలిన మూడు, అంటే బోర్గాటా, హారాస్, గోల్డెన్ నగ్గెట్, ఊరికి వెనకవైపు పడవల రేవు దగ్గర ఉన్నాయి. అక్కడి నుంచి బోర్డ్‌వాక్‌కు నడిచి వెళ్లడం పెద్దవారికి కుదరదు. జిట్నీలని పిలిచే చిన్న బస్సులు రెండు ప్రాంతాల మధ్య తిరుగుతుంటాయి. ఆ బస్సులు 1915 నుంచీ ఉన్నాయి.

ఒక్క రోజే ఉంటే బోర్డ్‌వాక్ మీది ఆరింటిలో రెండో మూడో చూస్తే చాలు. లోపల అన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. తేడా అంతా భవనంలో, భోజనశాలల్లో, ప్రదర్శనల్లో ఉంటుంది. మా మాట అడిగితే, మొదటి క్యాసినో కాబట్టి రిసార్ట్స్, సముద్రం బాగా కనబడుతుంది కాబట్టి ఓషన్, లోపలే వీధుల్లాంటి దుకాణాల వరసలున్నాయి కాబట్టి ట్రాపికానా చూడమంటాము. 2003లో తెరిచిన బోర్గాటా మిగతావాటికన్నా విలాసంగా ఉంటుందన్నమాట నిజమే గాని, దానికోసం పెద్దవారు ప్రత్యేకంగా రేవు వైపు వెళ్లనక్కరలేదు.

ఎడిసన్ నుంచి కారులో గార్డెన్ స్టేట్ పార్క్‌వే అనే రహదారి మీదుగా సుమారు రెండు గంటల ప్రయాణం. వేసవిలో శుక్రవారం సాయంత్రం బయలుదేరితే ఆ లెక్క చెల్లదు, ఎందుకంటే తీరపు ఊళ్లకు వెళ్లే జనమంతా ఆ దారినే పడతారు. కారు లేనివారికి న్యూయార్క్‌లోని పోర్ట్ అథారిటీ బస్‌స్టేషన్ నుంచి న్యూజెర్సీ ట్రాన్సిట్ 319 నంబరు బస్సు, ఫిలడెల్ఫియా నుంచి రైలు ఉన్నాయి.

ప్రశ్న: లోపలికి వెళ్లడానికి టికెట్టు కొనాలా? పాస్‌పోర్టు అడుగుతారా? మాతో పన్నెండేళ్ల మనవరాలు వస్తుంది, తనను రానిస్తారా?
— కె.ఎల్., రాజమహేంద్రవరం

జవాబు: ప్రవేశరుసుము లేదు. దుస్తుల విషయంలో పట్టింపు లేదు, చీరతోనో పంచెతోనో వెళ్లినా ఎవరూ ఏమీ అనరు. ఆడటానికి మాత్రం 21 ఏళ్లు నిండి ఉండాలి. మీ వయసు చూసి మిమ్మల్ని ఎవరూ ఆపకపోవచ్చు గాని, పెద్ద మొత్తం గెలిచినా సభ్యత్వ కార్డు తీసుకోదలచినా గుర్తింపు పత్రం అడుగుతారు కాబట్టి పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి.

మనవరాలి విషయం కొంచెం జాగ్రత్తగా చూసుకోవలసిందే. భోజనశాలకో లిఫ్టుకో వెళ్లే దారిలో ఆటస్థలం గుండా నడిచి పోవడాన్ని చట్టం అనుమతిస్తుంది. ఆగి చూడటాన్ని మాత్రం అనుమతించదు. మీరు మిషన్ ముందు కూర్చుంటే పాప పక్కన నిలబడటం కుదరదు, కాపలావారు వెంటనే వచ్చి పంపించేస్తారు. పిల్లలుంటే పెద్దవారిలో ఒకరు వారితో బయట ఉండి, వంతులవారీగా లోపలికి వెళ్లడం మేలు. ఒకప్పుడు క్యాసినోగా ఉండి 2014లో మూతపడిన షోబోట్ ఇప్పుడు జూదం లేని హోటలు. దాని పక్కనే 2023లో కప్పు కింద నీటి ఆటల పార్కు తెరిచారు, పిల్లలకు అది నచ్చుతుంది.

ఉబ్బసం ఉన్నవారికి ఒక హెచ్చరిక. బహిరంగ ప్రదేశాల లోపల పొగ తాగడాన్ని న్యూజెర్సీ 2006లో నిషేధించింది గాని క్యాసినోల ఆటస్థలాలకు మినహాయింపు ఇచ్చింది. ఆ స్థలంలో నాలుగోవంతు దాకా పొగతాగేవారికి కేటాయించవచ్చు. దీన్ని ఆపించాలని అక్కడ ముక్కలు పంచే ఉద్యోగులు, అంటే డీలర్లు, ఏళ్ల తరబడి పోరాడుతున్నారు, కోర్టుకూ వెళ్లారు. పొగ ఆ నాలుగోవంతు దగ్గరే ఆగదు కదా.

ప్రశ్న: మా ఆయనకు చూడాలని ఉంది, నాకు జూదమంటేనే గిట్టదు. ఆయన లోపల ఉన్నంతసేపూ నేనేం చేయాలి?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీకే ఎక్కువ పని ఉంటుందండీ. బోర్డ్‌వాక్ మీద నడక, ఓపిక లేకపోతే మనిషి నెట్టుకుంటూ తీసుకెళ్లే చక్రాల కుర్చీబండి, స్టీల్ పియర్ మీది రంగులరాట్నాలు, సాల్ట్ వాటర్ టాఫీ అనే మిఠాయి దుకాణాలు ఉన్నాయి. న్యూజెర్సీ తీరంలోని చాలా ఊళ్లలో ఇసుక మీద అడుగుపెట్టాలంటే వేసవిలో బిళ్ల కొనాలి, అట్లాంటిక్ సిటీలో మాత్రం ఉచితమే. 1929లో కట్టిన బోర్డ్‌వాక్ హాలులో ముప్పైమూడు వేలకు పైగా గొట్టాలున్న ఆర్గన్ అనే సంగీతవాద్యం ఉంది. ప్రపంచంలో అంత పెద్దది మరొకటి లేదు. మోకాళ్లు సహకరిస్తే 1857 నాటి ఆబ్సీకన్ దీపస్తంభం 228 మెట్లు ఎక్కి ఊరంతా చూడవచ్చు. ఇవన్నీ కాక, పక్కనున్న మార్గేట్ అనే ఊళ్లో లూసీ అనే ఆరంతస్తుల చెక్క ఏనుగు ఉంది. 1881లో స్థలాల వ్యాపారి ఒకాయన కొనుగోలుదారులను ఆకర్షించడానికి కట్టించిన ఈ ఏనుగు కాలిలోని మెట్ల గుండా ఎక్కి వీపు మీది అంబారీలోకి చేరవచ్చు. ఊరు మొత్తంలో మాకు ఎక్కువ నచ్చింది అదే.

శాకాహారులు మాత్రం ఇంటి దగ్గరే పులిహోరో చపాతీలో కట్టుకుని బయలుదేరడం మంచిది.

ప్రశ్న: సంక్రాంతికి ఊళ్లో స్నేహితులతో పదమూడు ముక్కలాట, మూడుముక్కలాట ఆడటం నాకు అలవాటు. క్యాసినోలో ఇవి ఉంటాయా? పేకలో అనుభవం ఉన్నవాడికి అక్కడ ఏ ఆట లాభం?
— పి.ఎస్., కాకినాడ

జవాబు: రమ్మీ బల్లలు ఉండవు. మీకు తెలిసే ఉంటుంది, రమ్మీలో ముఖ్యంగా కావలసింది నైపుణ్యమేనని మన సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులోనే. 1967 నవంబరులో వచ్చిన ఆ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. రమ్మీలో ఆడేవారు ఒకరి మీద ఒకరు గెలుస్తారు, క్యాసినోలో మాత్రం దాదాపు ప్రతి ఆటా సంస్థ మీదే ఆడాలి. మీ అనుభవం ఎంత ఉన్నా, ఆట నియమాల్లోనే సంస్థకు కొంత మొగ్గు అమర్చి ఉంటుంది. ఆ మొగ్గు ఏ ఆటలో ఎంతో తెలుసుకుని బల్ల ముందు కూర్చోవడం ఒక్కటే ఆటగాడి చేతిలో ఉన్న పని.

మూడుముక్కలాటకు దగ్గరి చుట్టం ఒకటుంది, త్రీ కార్డ్ పోకర్ అంటారు. ముందు పందెం పెట్టాక మీకు మూడు ముక్కలు, డీలరుకు మూడు ముక్కలు పంచుతారు. మీ ముక్కలు చూసుకుని అంతే మొత్తం మళ్లీ పెట్టి ఆడవచ్చు, లేదా మొదటి పందెం వదులుకుని పడేయవచ్చు. డీలరు చేతిలో కనీసం రాణి గాని అంతకు మించినది గాని లేకపోతే మీ మొదటి పందేనికి మాత్రమే గెలుపు ఇచ్చి, రెండోది తిరిగి ఇచ్చేస్తారు. మన ఆటకు అలవాటుపడినవారు రెండుచోట్ల తికమకపడతారు. మనకు మూడూ ఒకే రకం ముక్కలు పడితే దానికి తిరుగులేదు, అక్కడ మాత్రం ఒకే రంగులో వరస ముక్కలు దానిమీద గెలుస్తాయి. రెండోది ఇంకా ముఖ్యం. ముక్కలు చూడకుండా పందెం పెంచి ఎదుటివాణ్ణి బెదరగొట్టే ఆట అక్కడ సాగదు. డీలరు భయపడడు, పడేయడు, తన ముక్కలు తిప్పి చూపిస్తాడంతే. మన ఆటలోని సారమంతా ఆ బెదిరింపులోనే ఉంది కాబట్టి, త్రీ కార్డ్ పోకర్ చప్పగా అనిపించవచ్చు. అందులో మొదటి పందెం మీద సంస్థ మొగ్గు సుమారు మూడున్నర శాతం, అంటే వంద డాలర్లు కాస్తే సగటున మూడున్నర సంస్థకు మిగులుతాయి.

ఇరవైఒకటి, అంటే బ్లాక్‌జాక్, సరిగ్గా ఆడితే మొగ్గు ఒక శాతానికన్నా తక్కువకు దిగుతుంది. కాకపోతే బల్ల మీద రాసి ఉన్న అక్షరాలు చదవండి. ఆసు, పది విలువైన ముక్క కలిసి పడితే కొన్ని బల్లలు మూడుకు రెండు చొప్పున, కొన్ని ఆరుకు అయిదు చొప్పున చెల్లిస్తాయి. పది డాలర్ల పందేనికి మొదటిచోట పదిహేను, రెండోచోట పన్నెండు వస్తాయి. ఆ మూడు డాలర్ల తేడా చిన్నదిగా కనబడినా, సంస్థ మొగ్గును దాదాపు ఒకటిన్నర శాతం పెంచుతుంది. తక్కువ పందెం బల్లల మీదే ఈ రెండో పద్ధతి ఎక్కువగా ఉంటుంది. అంటే కొద్ది డబ్బుతో వచ్చినవాడి దగ్గరే ఎక్కువ వంతు తీసుకుంటారన్నమాట.

ఇక్కడొక విశేషం చెప్పాలి. పడిన ముక్కలు గుర్తుపెట్టుకుని ఆడేవారిని నెవాడాలో బయటికి పంపేయవచ్చు, న్యూజెర్సీలో పంపకూడదు. కెన్ ఉస్టన్ అనే ఆటగాడు తనను వెళ్లగొట్టిన రిసార్ట్స్ మీద కేసు వేస్తే, 1982లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చింది. దానితో క్యాసినోలు మనుషులను పంపడం మానేసి, ఎక్కువ పేకలు చేర్చి ఆడించడం, మాటిమాటికీ ముక్కలు కలపడం మొదలుపెట్టాయి.

రూలెట్ చక్రంలో ఒకటి నుంచి ముప్పైఆరు దాకా అంకెలు కాక రెండు సున్నాలు ఉంటాయి. మొత్తం ముప్పైఎనిమిది గళ్లుండగా, మీ అంకె పడితే ముప్పైఅయిదు రెట్లే ఇస్తారు. మొగ్గు 5.26 శాతం. అట్లాంటిక్ సిటీలో ఒక వెసులుబాటు ఉంది. ఎరుపు నలుపుల మీదో సరి బేసుల మీదో కాసినప్పుడు సున్నా పడితే సగం పందెమే పోతుంది కాబట్టి, అలాంటి పందేలలో మొగ్గు 2.63 శాతానికి తగ్గుతుంది. రూలెట్ ఆడాలనుకుంటే అవే ఆడండి. బిగ్ సిక్స్ అనే నిలువు చక్రం దగ్గరికి మాత్రం వెళ్లకండి. కోడిపందేల బరుల పక్కన గుండాట చూసినవారిని అది వెంటనే లాగేస్తుంది, మొగ్గు పదకొండు శాతం నుంచి ఇరవైరెండు శాతం దాకా ఉంటుంది.

ప్రశ్న: చాలాసేపటి నుంచి ఎవరికీ పడని స్లాట్ మిషన్ దగ్గర కూర్చుంటే త్వరగా పడుతుందని మా వియ్యపురాలు అంటారు. నిజమేనా?
— ఎం.ఎస్.డి., నిజామాబాద్

జవాబు: నిజం కాదండీ. మీరు మీట నొక్కిన క్షణంలో లోపలి యంత్రం ఒక యాదృచ్ఛిక సంఖ్యను ఎన్నుకుంటుంది, అంతకుముందు ఏం జరిగిందో దానికి గుర్తుండదు. గంట క్రితం జాక్‌పాట్ పడిన మిషన్‌కూ, వారం నుంచి పడని మిషన్‌కూ అవకాశం ఒకటే.

న్యూజెర్సీ నిబంధనల ప్రకారం ప్రతి మిషన్ దీర్ఘకాలం మీద లెక్కవేస్తే కాసిన సొమ్ములో కనీసం 83 శాతం తిరిగి చెల్లించేట్టు ఉండాలి. వాస్తవంలో సగటున తొంభై శాతం ప్రాంతంలో చెల్లిస్తాయి. ఈ తొంభై శాతం చూసి చాలామంది మోసపోతారు. వంద డాలర్లతో వెళ్తే తొంభై మిగులుతాయనుకుంటారు. ఆ లెక్క ప్రతి నొక్కుకూ వర్తిస్తుంది, మీరు తెచ్చిన మొత్తానికి కాదు. నొక్కుకు ఒక డాలరు చొప్పున గంటకు ఆరువందల సార్లు నొక్కితే ఆరువందల డాలర్లు కాసినట్టు, సగటున అరవై పోయినట్టు. అరచేతికి శ్రమ లేదు కాబట్టి ఆరువందలంటే ఎక్కువేమీ కాదు. ఒక్క సెంటు ఆట అని పైన రాసి ఉన్న మిషన్లు మరీ మాయ చేస్తాయి. చాలావాటిలో ఒక్క నొక్కుకు కనీసం అరవయ్యో ఎనభయ్యో సెంట్లు పెట్టనిదే కదలదు.

నాణేల చప్పుడు కోసం ఎదురుచూడకండి. మిషన్ నోటు లోపలికి తీసుకుంటుంది, ఆట ఆపితే మిగిలిన మొత్తం ముద్రించిన కాగితం ఇస్తుంది. దాన్ని గోడవారనున్న యంత్రంలో పెట్టి డబ్బు తీసుకోవాలి. రెండు మూడు డాలర్లే కదా అని ఆ కాగితాన్ని చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేసుకునేవారు ఎందరో.

ప్రశ్న: క్యాసినోలో గది, భోజనం, మద్యం అన్నీ ఉచితంగా ఇస్తారట కదా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: ఆడుతున్నవారికి మద్యం ఉచితమే, తెచ్చినవారికి ఒకటి రెండు డాలర్లు బహుమానం ఇవ్వడం మర్యాద. గది, భోజనం సభ్యత్వ కార్డు లెక్క మీద ఆధారపడి ఉంటాయి. మీరు ఎంత గెలిచారో ఎంత పోగొట్టుకున్నారో చూడరు, ఎంత కాశారో, ఎంతసేపు ఆడారో చూసి, మీ వల్ల రావలసిన రాబడిని అంచనా వేసి, అందులో కొంత వంతును గదిగానో భోజనంగానో వెనక్కి ఇస్తారు. ఉచిత గదికి అర్హత వచ్చిందంటే ఆ గది అద్దెకన్నా ఎక్కువే మీ నుంచి వస్తుందని లెక్క తేలినట్టే.

ప్రశ్న: నేను విజిటర్ వీసా మీద వెళ్తున్నాను. పెద్ద మొత్తం తగిలితే పన్ను కట్టాలా? మా అబ్బాయి పేరు మీద తీసుకుంటే తగ్గుతుందా? ఆ డబ్బు ఇండియాకు తెచ్చుకోవచ్చా?
— టి.ఎన్.ఆర్., ఏలూరు

జవాబు: స్లాట్ మిషన్‌లో నిర్ణీత మొత్తానికి మించి పడితే మిషన్ ఆగిపోతుంది, ఉద్యోగి వచ్చి కాగితాలు నింపాకే డబ్బు ఇస్తారు. ఎన్నో ఏళ్లుగా 1200 డాలర్లుగా ఉన్న ఆ హద్దును 2026 నుంచి 2000కు పెంచారు. అమెరికా పన్ను చట్టం దృష్టిలో అక్కడ నివాసి కాని విదేశీయుడి దగ్గర 30 శాతం అక్కడికక్కడే పట్టుకుని, 1042-ఎస్ అనే పత్రం ఇస్తారు. కొన్ని దేశాలవారికి ఒప్పందాల ద్వారా ఈ పన్ను నుంచి మినహాయింపు ఉంది, భారతదేశం ఆ జాబితాలో లేదు. పోగొట్టుకున్న సొమ్మును మినహాయించి చూపే వీలు కూడా మీకు ఉండదు.

వింత ఏమిటంటే బ్లాక్‌జాక్, బకారా (ఒక పేకాట), క్రాప్స్ (పాచికలాట), రూలెట్, బిగ్ సిక్స్ ఆటల్లో గెలిచిన సొమ్ముకు విదేశీ సందర్శకులకు ఈ పన్ను లేదు. ఆ జాబితాలో త్రీ కార్డ్ పోకర్ లేదన్నది కాకినాడ పాఠకుడు గమనించాలి.

అబ్బాయి పేరు మీద తీసుకునే ఆలోచన మానుకోండి. మీట ఎవరు నొక్కారో పైనున్న కెమెరాల్లో ఉంటుంది, నొక్కినవారిదే గెలుపు. తప్పుడు పేరుతో పత్రం నింపడం పన్ను నేరం అవుతుంది, అది మీ వీసాతో పాటు అక్కడ స్థిరపడాలనుకుంటున్న అబ్బాయి కాగితాలకూ చిక్కే. ఇద్దరూ కలిసి ఆడుతుంటే మీట మీద ఎవరి చెయ్యి పడుతున్నదో చూసుకోవాలి.

ఇండియాకు తిరిగి వచ్చాక, ఇక్కడి నివాసిగా లెక్కకు వచ్చేవారు ప్రపంచంలో ఎక్కడ గెలిచినా ఇక్కడి ఆదాయపు పన్ను పత్రంలో చూపాలి. జూదపు గెలుపు మీద ఇక్కడా ఒకే రేటున 30 శాతం పన్ను ఉంది, అక్కడ కట్టినదానికి రెండు దేశాల ఒప్పందం కింద వెసులుబాటు కోరవచ్చు. ఇది చార్టర్డ్ అకౌంటెంటుతో చేయించవలసిన పని. పదివేల డాలర్లకు మించి నగదు వెంట తెస్తే బయలుదేరే ముందు అమెరికా కస్టమ్స్‌కు తెలియజేయాలి. ఇక్కడి నుంచి లాటరీ టికెట్లు, ఫుట్‌బాల్ పూల్స్ అనే పందేల వంటివాటికి డబ్బు పంపడాన్ని మన విదేశీ మారక నిబంధనలు 2000 నుంచీ నిషేధిస్తున్నాయి కాబట్టి, ఇక్కడి బ్యాంకు కార్డుతో అక్కడ ఆడకండి. ఖర్చుకని తీసుకెళ్లిన డాలర్లలోనే, పోయినా బాధపడనంత పక్కన పెట్టుకోండి.

ప్రశ్న: మా చిన్నబ్బాయి జెర్సీ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. క్యాసినోకు ఎప్పుడూ వెళ్లడు గాని, రాత్రిళ్లు ఫోన్‌లోనే ఆడి చాలా పోగొట్టుకున్నాడని ఈమధ్యే తెలిసింది. అడిగితే అక్కడ చట్టబద్ధమేనంటున్నాడు. మేమేం చేయగలం?
— పేరు ప్రచురించవద్దన్న తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, చట్టబద్ధమన్న మాట వరకు మీ అబ్బాయి చెప్పింది నిజమే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్ర ప్రభుత్వం 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తే, న్యూజెర్సీ 2013 నవంబరు నుంచే వాటిని అనుమతించింది. 21 ఏళ్లు నిండి, ఆ రాష్ట్రపు హద్దుల్లో ఉన్నట్టు ఫోన్ చూపిస్తే చాలు. 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు న్యూజెర్సీ వేసిన అప్పీలులోనే తీర్పు ఇవ్వడంతో క్రీడల మీద పందేలు కూడా చట్టబద్ధమయ్యాయి. 2024లో తొమ్మిది క్యాసినోలకు ఆటస్థలాల మీద వచ్చిన రాబడి సుమారు 280 కోట్ల డాలర్లైతే, ఆన్‌లైన్ ఆటల మీద సుమారు 240 కోట్లు వచ్చింది. పైన ఇచ్చిన సమాధానాలన్నీ ఊరికి వెళ్లి తిరిగి వచ్చేవారికి సంబంధించినవి. రెండు గంటల ప్రయాణం, కార్లషెడ్డు, తిరుగుదారి ఉన్న ఆటకు ఏదో ఒకచోట ఆగే వీలుంది. పడక మీద ఉన్న ఫోన్‌కు ఆ వీలు లేదు, అందుకే మీ ఉత్తరాన్ని మిగతావాటికన్నా గట్టిగా తీసుకుంటున్నాము.

అక్కడి చట్టంలోనే కొన్ని తలుపులు ఉన్నాయి. ప్రతి ఖాతాలోనూ రోజుకు, వారానికి, నెలకు ఇంతకు మించి డబ్బు వేయకుండా, ఇంతసేపటికి మించి ఆడకుండా హద్దు పెట్టుకునే ఏర్పాటు ఉండి తీరాలి. కనీసం డెబ్భైరెండు గంటలు ఖాతాను తానే ఆపుకోవచ్చు. వీటన్నిటికన్నా బలమైనది స్వీయ నిషేధ జాబితా. డివిజన్ ఆఫ్ గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అనే రాష్ట్రపు జూద నియంత్రణ శాఖ దగ్గర తన పేరు తానే నమోదు చేసుకుంటే, ఏడాది పాటో అయిదేళ్ల పాటో ఏ సంస్థా అతణ్ణి ఆడనివ్వకూడదు. పొరపాటున ఆడనిచ్చి అతను గెలిచినా ఆ సొమ్ము అతనికి దక్కదు. గడువు ముగిసేదాకా మనసు మారినా పేరు తీయరు. ఆ నియమమే దాని బలం.

ఆ పేరు అతనే ఇవ్వాలి, తల్లిదండ్రులు ఇవ్వలేరు. మీరు చేయగలిగింది మూడు పనులు. మొదటిది, అప్పులు తీర్చమని డబ్బు పంపకండి. కష్టంగా ఉంటుందని తెలుసు, కాని పంపిన డబ్బు ఖాతాలోకే వెళ్తుంది. అద్దె బాకీ ఉంటే ఇంటి యజమానికి నేరుగా చెల్లించే మార్గం చూడండి. రెండోది, అక్కడ అతనితో ఉండే స్నేహితుడో బంధువో నమ్మకస్తులుంటే, జీతం పడే ఖాతాను కొన్నాళ్లు వారితో కలిసి చూసుకునేట్టు ఒప్పించండి. మూడోది, 1-800-426-2537 అనే నంబరు అతనికి పంపండి. పగలూ రాత్రీ పనిచేసే ఉచిత సహాయ కేంద్రం అది, పేరు చెప్పనక్కరలేదు, వీసా సంగతి అడగరు. చట్టబద్ధంగా ఆడి పోగొట్టుకోవడం నేరం కాదు కాబట్టి, సహాయం అడిగితే ఉద్యోగానికో వీసాకో ముప్పు వస్తుందన్న భయం అతనికి ఉంటే ముందు అది పోగొట్టండి. ఫోన్‌లో గద్దిస్తే పెట్టేస్తాడు. కుటుంబసభ్యులు కూడా అదే నంబరుకు మాట్లాడవచ్చు, అమెరికాలో మీ బంధువులెవరైనా ఉంటే మీ తరఫున వారిచేత ఈరోజే చేయించండి.